నాన్నకు ఏ డప్పు కొట్టాలి?

పోయినవారం మనం కారియాకూ దీవిలో, లెస్టేర్ అనే ఊళ్ళో, ఎలైజా క్వాషీ ఇంటి వాకిట్లో ఆగిపోయాం. ఆగిపోయింది మనమే కాదు, ఊరు ఊరంతా. ఎలైజా పోయి ఏళ్ళు గడిచాయి. ఆయన సమాధి మీద నిలపవలసిన రాయి పడవలో వచ్చింది. ఆచారం ప్రకారం ఆయన మంచం మీదే తెల్లదుప్పటి కప్పుకొని పడుకుంది. మేకలు తెగాయి, మొక్కజొన్న పిండి ఉడికింది, ఉండలు చుట్టిన అన్నం, కందులకూర పెద్దల బల్ల మీదికి చేరాయి. డప్పుల తోళ్ళు ఎండలో కాగుతున్నాయి. ఇక ఎలైజా అక్క ఎస్టిమీ లేచి, నేలమీద రమ్మూ నీళ్ళూ చల్లి, తప్పు కాయమని పోయిన పెద్దలను వేడుకునే తొలిపాట ఎత్తడమే తరువాయి. ఆ ఎస్టిమీ కాస్తా చేతిలోని గిలక్కాయను ఒళ్ళో బోర్లా పెట్టేసి, "నేను ఎత్తను" అంది.

ఎలైజా కూతురు వెర్లీనాకు ఒళ్ళు భగ్గుమంది. మండదా మరి? ఈ రాయి పండగ తలపెట్టడం ఆమెకిది మొదటిసారి కాదు. మొదటిసారి సరిగ్గా ఆనాటి పొద్దున్నే మేనత్త గొంతు పూడుకుపోయింది. రెండోసారి తుఫాను వచ్చి ఊళ్ళో ఇళ్ళ కప్పులతో పాటు ఆ ముహూర్తాన్నీ ఎత్తుకుపోయింది. ఇప్పుడు మూడోసారి. ఈలోగా నాన్న కలలోకి రావడం మాత్రం మానలేదు. వచ్చి లోపలికి రాడు, మెట్టు దగ్గరే టోపీ చేతిలో పట్టుకుని నిలబడతాడు. "ఇసకలో పడుకున్నానే అమ్మాయ్, తల కింద ఏమీ లేదు" అంటాడు. కారియాకూలో చచ్చినవాళ్ళు నోరు తెరిచి అడిగాక ఇవ్వని ఇంటికి సుఖం ఉండదు. ఆ సంగతి వెర్లీనాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నిద్రపోయి ఎన్నాళ్ళైందో ఆమె కళ్ళే చెబుతాయి.

"ఎస్టిమీ అక్కా, తోలు బిగుసుకుంది," అన్నాడు నడిమి డప్పు ముందు కూర్చున్న లెమ్యుయెల్. "ఇంకాసేపుంటే నా నడుం బిగుసుకుంటుంది. ఏదో ఒకటి కానీండి."

"ముసలామెకు ఎండదెబ్బ తగిలింది," అన్నాడు వెర్లీనా తమ్ముడు గార్విన్. సరుకుల పడవ నడిపే మనిషి, గాలికీ అలకీ తప్ప దేనికోసమూ ఆగే అలవాటు లేదు. "ఇంకెవరన్నా ఎత్తండి. పాట పాటేగా!"

"అవున్రా, పడవ పడవేగా. అడుగున చిల్లు పడ్డదైతే ఎక్కుతావా?" అంది ఎస్టిమీ.

జనం నవ్వారు. వెర్లీనా నవ్వలేదు. మేనత్త జబ్బ పట్టుకుని లేవదీసి, వంటపాక పక్కనుంచి వానతొట్టి వెనక్కి తీసుకుపోయింది. అక్కడ నీడ ఉంది, చెవులు లేవు.

"చెప్పత్తా. ఏమైంది? కుర్చీ ఎండలో వేశారా? గార్విన్ పెళ్ళాం పలకరించలేదా? రమ్ము తక్కువైందా?"

"రమ్ము ఎక్కువే పోశావులే."

"మరి ఎందుకీ రభస? అక్కడ పిండి గడ్డ కట్టిపోతోంది. జనం నా మొహం చూసి నవ్వుతున్నారు. నాన్న రాయి లోపల శవంలా పడుంది. నీకు పుణ్యం ఉంటుంది, లేచి ఆ రెండు చుక్కలు చల్లు."

ఎస్టిమీ వానతొట్టి గోడకు వీపు ఆనించింది. తొంభైకి చేరువైన మనిషి. గొంతు తప్ప ఒంట్లో అన్నీ అరిగిపోయాయి. "రాత్రి మీ నానమ్మ వచ్చింది," అంది.

"అందరి కలల్లోకీ అందరూ వస్తూనే ఉన్నారు. వచ్చి ఒక్కరూ ఓ చెయ్యి వెయ్యరు."

"నా కొడుకుని పరాయి డప్పుతో పిలవొద్దంది."

వెర్లీనాకు అర్థం కాలేదు. ఇందులో అర్థం కానిది ఏముంది అని మీరు అడగవచ్చు. ఆ దీవిలో డప్పంటే చెవికింపైన చప్పుడు కాదు. గొలుసులు వేసి సముద్రం దాటిస్తే వచ్చిన బానిసలు ఏమీ తెచ్చుకోలేక తెగ పేరు ఒక్కటే తెచ్చుకున్నారు. క్రొమాంటి, మండింగ్, ఈబో, చాంబా. ఎవరి తెగకు వారి డప్పు, వారి అడుగు. తెగ తండ్రి నుంచి వస్తుంది. డప్పు మారగానే ఆ తెగవాళ్ళే బరిలోకి దిగాలి, మిగతావాళ్ళు చుట్టూ నిలబడాలి. చచ్చినవాడు తన డప్పు విని వచ్చి తన రాయి కింద సర్దుకుంటాడు. వేరే డప్పు కొడితే రాడు. అప్పుడు అది గోడకు పనికొచ్చే రాయే. క్వాషీలు మండింగ్ అని పాకే పిల్లను అడిగినా చెబుతుంది.

"మండింగ్ డప్పు పరాయిదా? క్వాషీలు మండింగ్ కాకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరత్తా మండింగ్?"

"క్వాషీలు మండింగే," అంది ఎస్టిమీ. "మీ నాన్నే క్వాషీ కాడు."

వాకిట్లో ఎవరో పిల్లల్ని అదిలిస్తున్నారు. ఎవరి చేతిలోంచో గిన్నె జారి పడింది. వెర్లీనా ఆ చప్పుడు విన్నది గానీ అత్త అన్న మాట చెవుల దగ్గరే ఆగింది.

"మళ్ళీ అను."

"ఒకసారి అనడానికే ఇన్నేళ్ళు పట్టింది. మా నాన్న సముద్రం అవతల మరకైబో నూనెబావుల్లో పనికి పోయాడు. మొదట్లో కబురొచ్చేది. తరవాత అదీ లేదు. పోయాడనే అనుకున్నారంతా. అమ్మ నల్లబట్టలు కూడా కట్టింది. ఆ తరవాత ఎలైజా పుట్టాడు. ఓ రోజు మా నాన్న బతికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాకిట్లో పిల్లాడు పాకుతున్నాడు. అమ్మ వణికిపోతోంది. నేను అమ్మ గౌను పట్టుకుని ఉన్నా. ఆయన పెట్టె దించాడు, పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు, 'వీడికి నా పేరు' అన్నాడు. అంతే. చచ్చేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మమ్మల్ని ఎత్తనివ్వలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది."

"ఎవరు?" అంది వెర్లీనా.

"బార్తల్ కజో."

కజోలు చాంబాలు. కొండమీది కజోలు. బార్తల్ కొడుకు ఆస్మండ్ ఇప్పటికీ ఆ కొండమీదే ఉన్నాడు. పంట కోసి పశువుల్ని ఊరిమీద వదిలే కాలం వస్తే చాలు, అతని మేకలకు మిగతా దీవి కనిపించదు. తిన్నగా వెర్లీనా కందిచేలోకే దిగుతాయి. నెల కూడా కాలేదు, వెర్లీనా వాటిని బందెలదొడ్డిలో కట్టేయించింది. కొట్టు ముందు నిలబడి ఆస్మండ్‌ను ఆమె తిట్టిన తిట్లు ఊళ్ళో ఇంకా చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

ఏడుపు వస్తుందేమో అనుకుంది వెర్లీనా. రాలేదు. కోపం వచ్చింది. చచ్చిన నానమ్మ మీద కాదు, ఆ బార్తల్ మీద కూడా కాదు. ఎదురుగా గోడకానుకుని ఉన్న ఈ ముసలామె మీద.

"నీకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. నేను రాయికి కబురు పెట్టినప్పుడు తెలుసు. రమ్ము పీపా దించినప్పుడు తెలుసు. అయితే ఆరోజు గొంతు పోవడం?"

"పచ్చి చింతకాయలు. తెల్లారేదాకా నమిలాను," అంది ఎస్టిమీ తల వంచుకుని.

"చింతకాయలు!"

"తరవాత తుఫానొచ్చింది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మా ఇంటి కప్పు కూడా పోయిందిలే, అయినా పెట్టుకున్నాను."

"ఈసారి ఏమీ దొరకలేదు కాబోలు. జనమంతా వచ్చి కూర్చున్నాక గిలక్కాయ బోర్లించావు."

"ఈసారి నోరు మూసుకుని పాడేద్దామనే వచ్చానే. ఒట్టు. లేచి నిలబడదామనుకునేసరికి పాటలో మొదటి మాట నోటికొచ్చింది. తప్పు కాయండి అని. తప్పు కాయమని పాడుతూనే తప్పు చెయ్యమంటావా నన్ను? ఈ వయసులో?"

వెర్లీనాకు ఇంకా ఒళ్ళు మండింది.

"నాన్నకు తెలుసా?"

"మీ నాన్నకు మోకాలు ఎప్పుడు నొప్పెట్టేదో గుర్తు తెచ్చుకో."

వెర్లీనాకు గుర్తొచ్చింది. నాన్న తెల్లవార్లూ ఎగిరేవాడు. తెగల డప్పులయ్యాక అందరూ కలిసి ఆడే ఆటల్లో ఆయన్ని మించినవాడు లెస్టేర్‌లో లేడు. మండింగ్ డప్పు మోగితే మాత్రం మోకాలు పట్టుకుని అరుగుమీద కూలబడేవాడు. చిన్నప్పుడు తనే ఎగతాళి చేసేది, "నాన్నా, మండింగ్ డప్పుకి పళ్ళున్నాయా, నీ మోకాలే కొరుకుతుంది?" అని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. బరిలోకి దిగితే పెద్దల ముందు అబద్ధం, దిగనంటే పేరిచ్చి పెంచిన తండ్రికి తలవంపు. మధ్యలో మోకాలు పాపం మోసింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చాంబా మనిషి వచ్చి రాయిని తడపాలి. రాయి ముందు చాంబా డప్పు నడవాలి. ఆస్మండ్‌ని పిలుచుకురా. అప్పుడు ఎత్తుతాను, నా గొంతు చిట్లిపోయినా సరే."

"ఆస్మండ్‌నా! నేనా!"

"నేను కొండెక్కలేనుగా," అంది ఎస్టిమీ.

వాకిట్లోకి వచ్చి వెర్లీనా గార్విన్‌తో చెప్పగలిగింది ఒక్కటే. "నేనొచ్చేదాకా రాయి కదలకూడదు." ఎందుకని అతను అడిగితే, వచ్చి చెబుతానంది. జనంలో చెప్పే మాట కాదది. గార్విన్ ఆకాశం వైపు చేయి చూపించాడు. పొద్దు వాలేలోగా రాయి నిలపాలి, లేకపోతే ఇక నాలుగో ముహూర్తం ఎవరు పెడతారు, మేకలు ఎవరిస్తారు అని కేకలు వేశాడు. కేకలు వెనకాల వదిలేసి ఆమె కొండదారి పట్టింది.

దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. అయ్యా అందామా, ఆస్మండ్‌గారూ అందామా? మొన్నటిదాకా మేకల ముసలాడా అన్న నోరు ఇప్పుడు ఎలా తిరుగుతుంది? ఎండకు చెప్పుల్లో కాళ్ళు కాలుతున్నాయి. పండగకని కుట్టించుకున్న తెల్లగౌను చెమటకు వీపుకి అంటుకుపోయింది. ఊరంతా తన వాకిట్లో కూర్చుని తన మేకమాంసం వాసన చూస్తుంటే తాను మాత్రం పగవాడి గుమ్మానికి పోవడం ఆమెకు చెప్పలేనంత ఉక్రోషంగా ఉంది.

ఆస్మండ్ గేటు దగ్గరే ఉన్నాడు, తాడు పేనుకుంటూ. ఆమెను చూసి తాడు కింద పెట్టలేదు.

"మేకలన్నీ కట్టేసే ఉన్నాయి. లెక్క చూసుకో," అన్నాడు.

"మేకల కోసం రాలేదు."

"అవున్లే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నువ్వు ఇంతదూరం ఎక్కి వచ్చావంటే ఏదో అందనట్టే ఉంది."

వెర్లీనా పళ్ళు బిగపట్టింది. "నా కందిచేను మేసింది నీ మేకలు కాదా?"

"మేశాయి. మీ నాన్న ఉన్న రోజుల్లోనూ మేశాయి. అప్పుడు దడి ఎవరు తీసేవాళ్ళనుకున్నావు? ఆయనే. నేను వద్దన్నా వినేవాడు కాదు. 'తిననీ, మనవేగా' అనేవాడు."

మనవేగా. ఆ మాట వినేసరికి కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఆమె గేటు పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడే కింద లెస్టేర్ వైపు నుంచి డప్పు వినిపించింది. నడిమి డప్పు లేచింది, పక్క డప్పులు అందుకున్నాయి. మండింగ్. దాని మీద గార్విన్ గొంతు, తాడు తెంపుకున్న మేకపోతులా. ఆగమన్నా ఆగలేదు వాడు.

ఆస్మండ్ చేతిలో తాడు ఆగింది. "ఎవరికి కొడుతున్నారది?"

"నాన్నకి."

"ఆ డప్పుకి మీ నాన్న రాడు," అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు, ఇవాళ గాలి లేదని చెప్పినంత మామూలుగా.

"అయితే ఏ డప్పుకి వస్తాడో నువ్వే వచ్చి కొట్టించు," అంది వెర్లీనా. "రా, చిన్నాన్నా."

ముసలాయన తాడు చుట్ట చుట్టి గేటుకు తగిలించాడు. కళ్ళు తుడుచుకోబోయి, చెమట తుడుచుకున్నట్టు నుదురు తుడుచుకున్నాడు.

"ఇక్కడ అంటే ఏం లాభం? మేకలకి ఎప్పుడో తెలుసు," అన్నాడు. "మీ వాకిట్లో ఊరంతా ఉంది. అక్కడ అను. మా నాన్న కొడుకుని మా నాన్న కొడుకని నీ నోటితో అను. నేను అనను. ఎలైజాకి మాటిచ్చాను. నువ్వు అన్న మరుక్షణం నేను నీ వెనక ఉంటాను."

"ఉంటావుగా?"

"పద."

శంఖం మోగింది. శంఖం ఊదారంటే రాయిని భుజాలకెత్తుకున్నారని. ఇంట్లోంచి కదిలిన రాయి మళ్ళీ ఆ ఇంట్లోకి రాదు. సమాధి దాకా దారిలో నేలకు దించకూడదు. నిలిపిన రాయిని పెకలించడం ఆ దీవిలో ఎవరూ ఎరగరు. తప్పు డప్పుతో నిలిపితే నాన్న ఆ మెట్టు దగ్గరే, టోపీ చేతిలో పట్టుకుని, ఎప్పటికీ అలా నిలబడి ఉండాల్సిందే.

ఆమె పరుగెత్తింది. ముళ్ళకు గౌను చిరిగింది. చూసుకోలేదు. అడ్డదారిన పడి, శ్మశానం మలుపు దగ్గర రోడ్డెక్కేసరికి ఊరేగింపు ఎదురొస్తోంది. ముందు శంఖం, తరవాత డప్పులు, ఆ వెనక నలుగురి భుజాల మీద తెల్లదుప్పటి కప్పిన రాయి. ముందు కొమ్ము గార్విన్ భుజం మీదే ఉంది. అందరికన్నా వెనక ఎస్టిమీ కర్ర పొడుచుకుంటూ వస్తోంది, పాడనన్నా తమ్ముణ్ణి ఒంటరిగా పంపలేక.

వెర్లీనా రోడ్డు మధ్యలో నిలబడి చేతులు చాపింది.

"తప్పుకో అక్కా, బరువుగా ఉంది," అన్నాడు గార్విన్.

"డప్పు ఆపండి."

"పిచ్చిగానీ పట్టిందా నీకు? మూడోసారి! మూడోసారి ఊరిముందు నా తల తీసేస్తున్నావు. నీ ఏడుపేంటో చెప్పు, లేదా తప్పుకో!"

"ఈ డప్పు నాన్నది కాదు."

"మరేది నాన్నది? చెప్పు! ఇంతమంది ఉన్నారుగా, చెప్పు!"

చెప్పాలి. నానమ్మ పరువు, తాతయ్య ఇచ్చిన పేరు, నాన్న జీవితమంతా మోకాలి కింద దాచుకున్న మాట. అన్నీ ఒక్క మాటలో రోడ్డున పడేయాలి. ఎండ కళ్ళల్లో పొడుస్తోంది. మోసేవాళ్ళ మెడనరాలు పొంగి ఉన్నాయి.

"చాంబా," అంది వెర్లీనా. "మా నాన్న బార్తల్ కజో కొడుకు. మా నాన్నకి చాంబా డప్పు కొట్టండి."

గార్విన్ నోరు తెరుచుకుంది. రాయి అతని భుజం మీద ఒకసారి ఊగి, వెనకవాళ్ళు అరిచేసరికి నిలదొక్కుకుంది. గుంపులో ఒక్కసారి తేనెతుట్టె కదిలినట్టయింది. పెద్దవాళ్ళలో కొందరు మాత్రం ఆశ్చర్యపోలేదు. వీళ్ళకూ తెలుసన్నమాట.

లెమ్యుయెల్ చేతులు తోలుమీద ఆగి ఉన్నాయి.

"కొడతానమ్మా," అన్నాడు. "కానీ వట్టి బరికి చాంబా కొట్టకూడదు. ఆ తెగ మనిషి ముందు నిలబడి రాయిని తడిపి, మొదటి అడుగు వెయ్యాలి. ఎవరున్నారు?"

"ఉన్నాడు," అంది వెర్లీనా, వెనక్కి తిరిగింది.

ఎర్రమట్టి దారి కొండదాకా కనిపిస్తోంది. దారిలో ఎవరూ లేరు.

"ఎక్కడ?" అన్నాడు లెమ్యుయెల్.

"అక్కా, భుజం విరిగిపోతోంది," అన్నాడు గార్విన్. ఈసారి అరవలేదు, ఏడుపుగొంతుతో అన్నాడు.

వస్తానన్నాడు. వెనకే ఉంటానన్నాడు. గోంగూర, ఈ వంశంలో ఒక్కరన్నా మాట మీద నిలబడ్డారా? ఒకామె చింతకాయలు తింది, ఒకాయన మోకాలు పట్టుకున్నాడు, ఒకాయన గేటు దగ్గరే ఆగిపోయాడు. అందరూ ఎవరో ఒకరు వచ్చి అంటారని ఎదురుచూసినవాళ్ళే. అంత కోపంలోనూ ఉన్నట్టుండి వెర్లీనాకు ఒక సంగతి తట్టింది. ఇందాకటినుంచీ నాన్నది ఏ తెగ, నాన్నది ఏ డప్పు అనే కొట్టుకుంది గానీ, తెగ తండ్రి నుంచి కూతురికి వస్తుందన్న మాటే మరిచిపోయింది.

ఆమె లెమ్యుయెల్ పక్కవాడి చేతిలోని రమ్ము సీసా అందుకుని, రాయి మీది దుప్పటి కొస ఎత్తి తడిపింది. సగం రమ్ము గార్విన్ చొక్కా మీద పడింది. వంగి చెప్పులు విడిచింది.

"ఎవరున్నారంటావేంటి లెమ్యుయెల్?" అంది. "నేను లేనా?"

గుంపు వెనక ఎక్కడో ఎస్టిమీ గిలక్కాయ కదిలింది. లెమ్యుయెల్ తల వంచి, అరచేత్తో తోలును ఒకసారి నిమిరి, చాంబా ఎత్తుకున్నాడు. ఊరంతా వెర్లీనా పాదాల వైపే చూస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చాంబా అడుగు ఒక్కటి కూడా వెయ్యలేదు.